యాభై ఎనిమిది వ్యాగన్లు

14 సెప్టెంబర్ 2011, బుధవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, రెండో రోజు. మానుకోటలో మా కాలేజీకి తాళం పడింది. వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఆరేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఆర్థికశాస్త్రం చెబుతున్నాను. పాఠం సరిగ్గా చెప్పింది ఈ రెండు రోజులే అనిపిస్తోంది.

పొద్దున ఇక్కడి డోర్నకల్ స్టేషన్‌కు వెళ్లాను. రైళ్లు చూడడానికి కాదు. ఈ మాట రాసి పెట్టుకోవడం అవసరం. ఎందుకంటే పుష్పలత తన కిరాణం దుకాణం షట్టర్ సగం దించి, లోపలి నుంచే, "మళ్ల రైళ్లకాడికేనా? సమ్మె మంచిగ కలిసొచ్చింది నీకు" అంది. పక్క దుకాణం వాళ్లు విని నవ్వారు. పెళ్లయిన కొత్తలో నన్ను 'నువ్వు' అని పిలవమని నెల రోజులు వాదించి ఒప్పించింది నేనే. ఆ వాదనలో ఓడిపోయి ఉంటే బాగుండేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నేను వెళ్లింది సాక్ష్యం కోసం. బొగ్గు గనుల కార్మికులు కూడా సమ్మెలో ఉన్నారు. టీచర్లు ఆగితే ఢిల్లీకి వినపడదు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, అప్పుడు వినపడుతుంది. కొత్తగూడెం వైపు గనుల బొగ్గంతా బ్రాంచి లైను మీద వచ్చి ఈ జంక్షన్ దగ్గరే మెయిన్ లైనులో కలుస్తుంది. కాబట్టి ఆ బ్రాంచి వైపు చూస్తూ కూర్చుంటే సమ్మె నిలబడిందో లేదో తెలిసిపోతుంది. పేపర్లు చెప్పనక్కర్లేదు, మంత్రులు చెప్పనక్కర్లేదు.

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివరి బెంచీ ఎంచుకున్నాను. స్టేషన్ చూడడానికి బాగానే ఉంటుంది. నిజాం కాలం నాటి మందపాటి గోడలు, చెక్క చూరు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన వాటిని ఫొటోలు తీస్తున్నాడు. ఆగలేకపోయాను. "ఈ గోడలు మన చల్లదనం కోసం కట్టలేదు, మన బొగ్గు మోసుకుపోవడానికి కట్టారు. మనుషుల్ని ఎక్కించుకోవడం తర్వాత వచ్చిన దయ" అన్నాను. ఆయన "అవునండీ, చాలా బాగుందండీ" అని ఇంకో ఫొటో తీసుకున్నాడు.

ఆరు ఎక్స్‌ప్రెస్‌లు, రెండు ప్యాసింజర్లు, ఒక గ్యాస్ ట్యాంకర్ల బండి. బ్రాంచి నుంచి బొగ్గు బండి ఒక్కటీ రాలేదు.

15 సెప్టెంబర్

రాలేదు.

17 సెప్టెంబర్, శనివారం

హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసిన ఈ రోజును విమోచన అనాలా, విలీనం అనాలా, ద్రోహం అనాలా అని స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర గంటన్నర వాదించాను. నలుగురు ఉండగా మొదలుపెట్టాను. ముగించేసరికి చాయ్ పోసే ఆయన ఒక్కడే మిగిలాడు. ఆయన కూడా నావైపు చూడడం లేదు. చాయ్ చల్లారిపోయింది.

బెంచీ పక్కన ఒక లంబాడీ ముసలామె బుట్ట పెట్టుకొని కూర్చుంటోంది. పేరు కాళి. పట్టాల పక్క తండా ఆమెది. సీతాఫలాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ప్యాసింజర్ ఆగినప్పుడు కిటికీల వెంట పరిగెత్తి అమ్మి, మళ్లీ వచ్చి బండ మీద కూర్చుంటుంది.

"దినాం వస్తున్నవ్. ఏ బండి ఎక్కవు. ఎవ్వలన్న రావాల్నా సారూ?" అని అడిగింది.

"ఎవ్వరు రావద్దని చూస్తున్న" అన్నాను.

"గట్ల గూడ చూస్తరా" అని రెండు పండ్లు తీసి నా పక్కన పెట్టింది. "రేపటికి ముగ్గుతయి. ఇయ్యాల తింటే వగరు."

ఇవాళే తిన్నాను. వగరు.

19 సెప్టెంబర్, సోమవారం

ఇవాళ్టి నుంచి బస్సులు కూడా బంద్. ప్యాసింజర్లలో మనుషులు డోర్లకు వేలాడుతున్నారు. బొగ్గు బండి లేదు. ఆరో రోజు, ఏడో రోజు అనుకుంటూ ఖాళీ బ్రాంచి లైను చూస్తుంటే ఒక రకమైన సంతోషం. చిన్నప్పుడు కేసముద్రంలో మా బాపు వడ్ల బస్తాలు లోడు చేయించేటప్పుడు నన్ను స్టేషన్‌లో ఒక బస్తా మీద కూర్చోబెట్టేవాడు. అప్పుడు బండి వస్తే సంతోషం. ఇప్పుడు రాకపోతే. చరిత్ర మనిషిని ఎట్లా మారుస్తుందో దీని మీద ఒక వ్యాసం రాయవచ్చు.

బలరాం ఫోన్ చేశాడు. నా దగ్గర చదివిన తండా పిల్లల్లో అంత పదునైనవాడు మళ్లీ దొరకలేదు. పదహారేళ్లకే వ్యాసాలు రాసేవాడు. ఎం.ఏ. మధ్యలో వదిలేసి, తండ్రి ఉద్యోగం వస్తుందని భూపాలపల్లి గనిలోకి దిగాడు. పదిహేనేళ్లయింది. అప్పుడు నేనన్న మాటలు గుర్తున్నాయి. వాపసు తీసుకునే అవసరం ఇప్పటికీ కనిపించలేదు. ఉద్యోగం చేతికి వస్తే ఉద్యమం జారిపోతుందని అన్నాను. అనుభవం మీద చెప్పిన మాట అది.

వాడు మాత్రం మామూలుగానే మాట్లాడాడు. "సార్, మా భూపాలపల్లికి పట్టాల్లేవు గద. మా బొగ్గు లారీలల్ల పోతది. అటు కొత్తగూడెం దిక్కు ఏం నడుస్తుందో మా సమ్మె టెంటుల ఎవ్వనికి తెల్వదు. వాళ్లు పనిలకు దిగిండ్రంటే మావోళ్లు ఆగరు. మీరు స్టేషన్ల కూసుంటున్నరని విన్న. జర చూసి చెప్పుర్రి. మీరు చెప్పిందే మాకు."

"నేను రాసింది ఎప్పుడన్న అబద్ధమయ్యిందా?" అన్నాను.

"అందుకే గద సార్ అడుగుతున్న."

21 సెప్టెంబర్, బుధవారం

వచ్చింది.

పదకొండూ పదికి, బ్రాంచి లైను మీద, రెండు ఇంజన్లు, వెనుక నల్లటి వ్యాగన్లు. లేచి నిలబడ్డాను. నా ఎత్తుకు రెండింతల ఇనుప గోడలు ముఖానికి గాలి కొడుతూ ఒకటొకటిగా పోయాయి. లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. చెవులు చిల్లులు పడే చప్పుడు. గార్డు పెట్టె పోయేసరికి నా చేతులు వణుకుతున్నాయి. కాళి ఏదో అనబోయింది. చెయ్యెత్తి ఆపాను. వినే స్థితిలో లేను.

తొమ్మిది రోజులకే. పిల్లలు బళ్లు వదులుకుంటే, కండక్టర్లు జీతాలు వదులుకుంటే, వీళ్లు తొమ్మిది రోజులకే తట్టా పారా పట్టుకొని దిగిపోయారు. నాకు పదిహేనేళ్ల కిందే తెలుసు.

ఇంటికి వచ్చి రెండు గంటల్లో కరపత్రం రాశాను. ఒక్క కొట్టివేత లేదు. శీర్షిక: 'యాభై ఎనిమిది వ్యాగన్ల ద్రోహం'. ఇంత బాగా ఈ పదేళ్లలో రాయలేదు.

పుష్పలత చదివింది. "నువ్వు బొగ్గు చూసినవా?"

"వ్యాగన్లు చూసిన."

"నేనడిగింది బొగ్గు."

"సంచి చూస్తే లోపల బియ్యమని తెల్వదా?"

"నా దుకాణంల సంచి చూసి ఎవ్వలు కొనరు. చెయ్యి పెట్టి చూస్తరు" అంది. కోమటి బుద్ధి అనబోయి, నాది కూడా అదే ఇల్లు అని గుర్తొచ్చి ఆగిపోయాను.

22 సెప్టెంబర్

మానుకోట ప్రెస్‌లో రెండు వేలు. బస్సులు లేవు కనుక పేపర్ల జీపుల్లో కట్టలు వేయించాను. కేసముద్రం, వరంగల్, జనగామ, నర్మెట్ట, భూపాలపల్లి. ప్రెస్సు గుమాస్తా రాంచందర్ ప్రూఫు చూస్తూ "దెబ్బకు సచ్చిపోతరు సార్" అన్నాడు. ఎవరని అడగలేదు.

23 సెప్టెంబర్

పొద్దున్నుంచి ఫోన్లు. జనగామ నుంచి ఒక మిత్రుడు, "వెంకట్రాజం, నీ కలంకు వయసు రాలేదు" అన్నాడు. బలరాం నుంచి రాలేదు.

24 సెప్టెంబర్, శనివారం

రైల్ రోకో. పట్టాల మీద వంటలు, ఆటలు, పాటలు. ఏ బండీ లేదు. మైకులో నా కరపత్రం చదివారు. చప్పట్లు.

25 సెప్టెంబర్

కాళి రాలేదు. బండ్లు లేకపోతే ఆమెకేం పని. బలరాంకు నేనే చేద్దామనుకున్నాను. ఎందుకు చేయాలి?

26 సెప్టెంబర్, సోమవారం

బండ్లు మళ్లీ మొదలు. కాళి వచ్చింది. బుట్ట దింపకుండానే అడిగింది.

"సారూ, గా కాయిదం నువ్వే రాసినవా? మా మరిది మాన్‌సింగ్ చదివి చెప్పిండు. యాభై ఎనిమిది డబ్బల నిండ బొగ్గు పోయిందని రాసినవంట."

"రాసిన."

"ఎన్నడు పోయింది?"

"బుధవారం. నువ్వు గూడ ఇక్కడ్నే కూసున్నవు గద."

"కూసున్న. గది ఖాళీ బండి."

నవ్వాను. ఆమె నవ్వలేదు. బుట్ట దింపి బండ మీద అరచెయ్యి ఆనించింది. "నిండు బండి పోతే గీ బండ అదురుతది. ఖాళీది పోతే చెవులు అదురుతయి. నా మొగడు జైసింగ్ ముప్పై ఏండ్లు గ్యాంగుల పట్టాల పని చేసిండు. మా ఇల్లు పట్టాలకు యాభై అడుగులు. నిండు బండికి గూట్లె గిన్నెలు కదులుతయి. ఖాళీదానికి పండుకున్న పిల్లలు లేస్తరు. గంతే తేడా."

"మరి ఆ దినమే చెప్పొద్దా?"

"చెప్పబోయిన. నువ్వు చెయ్యెత్తినవ్. ఆగిన."

సీతాఫలాలమ్మే ఒక ఆమె చెవికి, కళ్లారా చూసి లెక్కపెట్టిన నా సాక్ష్యానికి పోలిక ఏమిటి? మొదటిది, జ్ఞాపకం మోసం చేస్తుంది. రెండోది, ఖాళీ బండి గనుల వైపు వెళ్లాలి గానీ గనుల నుంచి ఎందుకు వస్తుంది? దీనికి ఆమె దగ్గర జవాబు లేదు. నేను అడగలేదనుకోండి. మూడోది

మూడోది గుర్తు రావడం లేదు.

27 సెప్టెంబర్, మంగళవారం. మధ్యాహ్నం

ఎంగిలిపూల బతుకమ్మ ఇవాళ. పుష్పలత తంగేడు పూలు కడుగుతుంటే బయటపడ్డాను.

కాళి చెప్పింది తప్పని రుజువు చేయడానికే స్టేషన్‌కు వెళ్లాను. "కాళక్కా, పరీక్ష పెడదం. గూడ్సు వచ్చినప్పుడు ఇద్దరం కండ్లు మూసుకుందం. నిండుదో ఖాళీదో చెప్పాలె. తర్వాత నేను పట్టాల మీది బ్రిడ్జి ఎక్కి చూస్త."

"నీకు మోకాళ్ల నొప్పులు గద. ఎక్కుతవా?"

నిజమే. పద్నాలుగు రోజులు ఈ స్టేషన్‌లో కూర్చున్నాను, ఒక్కసారీ ఆ బ్రిడ్జి ఎక్కలేదు. ప్లాట్‌ఫారం మీద నుంచి వ్యాగన్ పక్కలు మాత్రమే కనిపిస్తాయి. లోపల ఏముందో చూడాలంటే నలభై మెట్లు ఎక్కాలి.

మొదటిది కాజీపేట వైపు నుంచి వచ్చింది. నేను నిండు అన్నాను, ఆమె ఖాళీ అంది. మెట్లెక్కేసరికి సగం బండి దాటింది. మిగిలిన సగంలో తుప్పు పట్టిన ఇనుప అడుగు, మూలల్లో కొంచెం వాననీళ్లు.

రెండోది వచ్చినప్పుడు కళ్లు మూసుకొని నేనూ బండ మీద చెయ్యి పెట్టాను. చప్పుడు తక్కువ. ఖాళీ అన్నాను. "నిండు. ఎర్రమన్నో, రాయో" అంది కళ్లు తెరవకుండానే. పైనుంచి చూస్తే కంకర, అంచుల దాకా.

మూడోదానికి నేను ఏమీ అనలేదు. చెయ్యి కింద బండ చల్లగా, కదలకుండా ఉంది. చెవులు మాత్రం చిల్లులు పడుతున్నాయి. బుధవారం నాడు కూడా ఇదే చప్పుడు. నేనే రాశాను ఈ నోట్‌బుక్‌లో, చెవులు చిల్లులు పడే చప్పుడు అని. చేతులు వణికాయని రాశాను. బండ వణికిందని రాయలేదు.

మెట్లెక్కి చూడాల్సిన పని లేదు. అయినా ఎక్కాను. ఖాళీ.

దిగి, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ బాలును అడిగాను. ముప్పై ఏళ్ల మనిషి. జెండా చుట్టుకుంటూ తాపీగా చెప్పాడు. "అవు సార్, ఖాళీ బండే. పన్నెండో తారీఖు పైకి, గనులకు పోయింది. నింపేటోడు లేక తొమ్మిది దినాలు గని కాడ పక్క లైన్ల నిలవడ్డది. వేరే లోడుకు కావాలని మళ్ల ఖాళీగనే కిందికి తెప్పిచ్చిండ్రు. మీరు దినాం నా ముంగటనే కూసుంటరు, ఒక్కమాట అడిగితే చెప్తుంటి గద."

తొమ్మిది రోజులు. యాభై ఎనిమిది వ్యాగన్లు నోరు తెరుచుకొని నిలబడితే, వాటిలో ఒక్క తట్ట బొగ్గు వెయ్యడానికి ఒక్క మనిషి రాలేదు. సమ్మె మొదలైనప్పటి నుంచి ఇంతకంటే పెద్ద వార్త లేదు. అది నా ముఖానికి గాలి కొడుతూ పోయింది. నేను దాన్ని బూతులు తిట్టాను. రెండు వేల ప్రతులు.

అదే రోజు, రెండు గంటలకు

బలరాం ఫోన్ చేశాడు. గొంతు బొంగురు.

"సార్, మీ కాయిదం వచ్చిన కాడ్నుంచి టెంటుల ఒకటే లొల్లి. కొత్తగూడెమోళ్లు దిగినంక మనమెందుకు జీతం లేక ఎండాలె అంటున్నరు. పండుగ ముంగట. రేపు పొద్దున మొదటి షిఫ్టుకు సగం మంది దిగుదమని మాట్లాడుకున్నరు. సగం దిగితే మిగిలినోళ్లు ఆగుతరా? మీరు రాసింది సూటిగ చెప్పుర్రి, మీ కండ్లతోని చూసిండ్రా?"

చెప్పాను. ఎట్లా చెప్పానో రాయలేను.

"ఫోన్ల నేను చెప్తే నమ్మరు సార్. సమ్మె ఆగొద్దని బలరాం కత చెప్తుండంటరు. కాయిదం మీద మీ పేరుంది. మనిషే రావాలె."

"వస్త" అన్నాను.

పుష్పలత అంతా విన్నది. పూల చేతులు కొంగుకు తుడుచుకుంది. "పోయి ఏం చెప్తవ్?"

"వాస్తవ పరిస్థితి వివరిస్త. సమాచార సేకరణల ఒక పొరపాటు దొర్లింది అని..."

"దొర్లిందా? ఎక్కడ్నుంచి దొర్లింది? గుట్ట మీదికెళ్లా?" నా ఎదురుగా స్టూలు లాక్కొని కూర్చుంది. "తప్పు చేసిన అని ముప్పై ఏండ్లల్ల నాతోని ఒక్కసారి అనలే. అక్కడ అంత మంది ముంగట ఎట్లంటవ్? ముందుగాల్ల నా మీద నేర్చుకో."

"ఇప్పుడా?"

"బండికి ఇంక ముప్పావు గంట ఉంది."

నేర్చుకోవడానికి ముప్పావు గంటా పట్టింది. కరపత్రం గురించి మొదలుపెట్టినవాణ్ణి, ఎక్కడికో వెళ్లి, ఆమె చదువు మాన్పించి దుకాణంలో కూర్చోబెట్టిన సంవత్సరం గురించి కూడా ఆ మాట అన్నాను. అది ఆమె అడగలేదు. ఆమె లేచి నా సంచిలో తువ్వాలు, మోకాళ్ల నూనె పెట్టింది.

స్టేషన్‌లో కాళిని అడిగాను, నాతో భూపాలపల్లి వస్తావా అని.

"నేనెందుకు?"

"నా మాట నమ్మరు."

"నీ మాట నమ్మకుంటె సీతాఫలాలామె మాట నమ్ముతరా?"

"నేనైతే నమ్ముతున్న."

బుట్టలోకి చూసుకుంది. "రేపటికి ముగ్గేటియే ఉన్నయి. ఆడనన్న అమ్ముత. నడువు."

28 సెప్టెంబర్, బుధవారం. భూపాలపల్లి

నిన్న వరంగల్ దాకా ప్యాసింజర్. అక్కడి నుంచి ఇరవై మందిమి ఎక్కిన జీపు. కాళి బుట్ట నా ఒళ్లో. పరకాల దాటాక ఆమె నిద్రపోయింది. నేను మనసులో ఉపన్యాసం తయారు చేసుకున్నాను. మంచి ఉపన్యాసం. మొదట నిజాం రైల్వే, తర్వాత బొగ్గు రాజకీయం, చివరికి ఎక్కడో ఒక వాక్యంలో నా పొరపాటు.

పొద్దుగూకాక చేరాం. గని గేటుకు ఎదురుగా టెంటు, కింద పాత టార్పాలిన్లు. నూట యాభై, రెండు వందల మంది ఉంటారు. బలరాం లేచి వచ్చాడు. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. పదిహేనేళ్ల తర్వాత చూడడం. నమస్కారం పెట్టాడు గానీ చెయ్యి కలపలేదు. ముందు వరుసలో ఒక పెద్దమనిషి మోకాలి మీద నా కరపత్రం పరుచుకొని ఉన్నాడు. మడతల దగ్గర చినిగింది. ఎన్నిసార్లు చదివాడో.

"ఈయన బిక్షపతన్న" అన్నాడు బలరాం. "రేపు దిగుదమన్నోళ్లల్ల మొదటోడు."

"దాచుడేముంది, దిగుతనన్న" అన్నాడు బిక్షపతి. "ముప్పై ఏండ్ల సర్వీసు. అందరు ఆగితే ఆగుత. ఎవడో కడుపు నింపుకుంటుంటే నేనొక్కన్ని కడుపెండవెట్టుకోను. సారు రాసింది అదే గద."

నాకు మైకు ఇచ్చారు. "మిత్రులారా, ఈ చారిత్రక సందర్భంలో, వనరుల తరలింపు అనే ప్రశ్నను మనం..." అని మొదలుపెట్టాను. ఆపలేకపోయాను. నిజాం రైల్వే దాకా వచ్చాను. వెనుక వరుసలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

"సార్" అన్నాడు బలరాం. గట్టిగా అనలేదు. "చరిత్ర తర్వాత. ఒక్కటే చెప్పుర్రి. నిండు బండియా, ఖాళీ బండియా?"

అందరూ నా వైపు చూస్తున్నారు.

"ఖాళీ బండి" అన్నాను.

నా జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం ఇవ్వలేదు.

బిక్షపతి కాగితం ఎత్తి చూపించాడు. "మరి ఇండ్ల నిండ బొగ్గు అని ఎట్ల రాసినవ్?"

"బెంచీ మీద కూసొని రాసిన. లోపల చూడలే. చూసేటందుకు నలభై మెట్లున్నయి, ఎక్కలే. చెప్పేటందుకు పక్కనే మనిషి ఉంది, చెప్పనియ్యలే. తప్పు చేసిన. మీరు తొమ్మిది దినాలకే దిగిపోతరని ముందుగాల్నే అనుకున్న, అందుకే బండి కనపడంగనే నిండుదే అనుకున్న. బలరాం, నీ గురించి గూడ అట్లనే అనుకున్న."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బలరాం తల దించుకొని టార్పాలిన్ అంచు సరిచేస్తున్నాడు. అది సరిగ్గానే ఉంది.

"నమ్మేదెట్ల?" అని ఎవరో అన్నారు. "మొన్న నిండన్నడు. ఇయ్యాల ఖాళీ అంటున్నడు. ఎల్లుండేమంటడో."

అప్పుడు కాళి లేచింది. మైకు ఇస్తే వద్దంది. తండావాళ్లు కొందరు ఉన్నారని గుర్తుపట్టి తన భాషలో ఏదో అంది, వాళ్లు నవ్వారు. తర్వాత తెలుగులో చెప్పింది. బండ సంగతి, చెవుల సంగతి, గిన్నెల సంగతి. గనిలో పనిచేసేవాళ్లు కదా, బండ అదరడం అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పైన రాయి కదిలితే కాలి కింద తెలుసుకునే మనుషులు. ఒక్కొక్కరే తల ఊపడం మొదలుపెట్టారు. తర్వాత బాలు అన్న మాటలు కూడా చెప్పింది. బండి పన్నెండున పోయింది, తొమ్మిది దినాలు నిలవడ్డది, నింపేటోడు రాలేదు, ఖాళీగ వచ్చింది.

"మళ్ల చెప్పవ్వా" అన్నాడు ఒకడు.

"ఏంది?"

"ఆఖరుది."

"ఖాళీగ పోయింది. ఖాళీగ వచ్చింది."

ముందు ఒక ఈల వినిపించింది. తర్వాత టెంటంతా. ఆమెతో ఆ మాట ఐదారుసార్లు చెప్పించారు. చివరికి విసుక్కుంది. "చెవుడా మీకు? పండ్లు కొనుర్రి ముందుగాల." ఊరికే ఇమ్మని అడిగినవాడి చేతి మీద ఒకటి వేసింది.

బిక్షపతి మాత్రం ఈల వేయలేదు. కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకొని, ఎవరితో చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

బలరాం ఇంట్లో పడుకున్నాం. వాడి భార్య సౌందర్య కాళిని లోపలికి తీసుకెళ్లింది. బలరాం, నేను వాకిట్లో కూర్చున్నాం. కొత్త కరపత్రం రాద్దామన్నాను. "చెప్పుర్రి, రాస్త" అన్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాయలేదు. నా మొదటి వాక్యాన్ని కొట్టేసి, తనే రాశాడు. వాడు రాసిందే బాగుంది. ఒప్పుకున్నాను. ఇప్పుడు ఒప్పుకోవడం కొంచెం అలవాటవుతోంది. కింద సాక్షి పేరు కాళి అని పెట్టాం. రచయిత పేరు దగ్గర నేను బలరాం అని రాశాను. వాడు దాని పక్కన నా పేరు చేర్చాడు. "తప్పు మీది. ఉండాలె" అన్నాడు. నవ్వాడో లేదో చీకట్లో కనపడలేదు.

ఇవాళ పొద్దున ఆరున్నరకే గేటు దగ్గరికి వచ్చాం. రాత్రి లేని పోలీసులు నలుగురు ఉన్నారు. టెంటు నిండుగా ఉంది. గేటు లోపల దీపాల గది కనిపిస్తోంది. గనిలోకి దిగేవాడు ముందు అక్కడికి వెళ్లి తన నంబరు దీపం తీసుకోవాలి. రెండు వారాలుగా దీపాలు వరుసలో వేలాడుతున్నాయి. ఎవరు ఎన్ని చెప్పినా, ఒక్క దీపం కదిలితే సమ్మె కదిలినట్టే.

ఏడుకు ఐదు నిమిషాలు ఉండగా బిక్షపతి వచ్చాడు. పని బట్టలు వేసుకున్నాడు. చేతిలో అన్నం డబ్బా. టెంటు వైపు చూడలేదు. నేరుగా గేటు వైపు నడిచాడు.

బలరాం లేవబోయి ఆగిపోయాడు. ఎవరూ పిలవలేదు. పిలిస్తే ఆయన ఆగడని అందరికీ తెలుసేమో. నేను ఎన్ని వాక్యాలు రాసినా ఈ మనిషి నడకను ఇప్పుడు ఆపలేను. కాళి నా పక్కన చతికిలబడి, ఖాళీ బుట్ట మోకాళ్ల మీద పెట్టుకొని చూస్తోంది.

సైరన్ మోగింది. మొదటి షిఫ్టు.

బిక్షపతి గేటు దాకా వెళ్లాడు. కావలివాడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆయన లోపలికి తొంగి చూశాడు. దీపాల గది వైపు, పైనుంచి కింద దాకా, వరుసంతా చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, గేటుకు అడ్డంగా, నేల మీద కూర్చున్నాడు. డబ్బా మూత తీశాడు.

బలరాం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నేనూ వెళ్లాను. "ఏందన్నా ఇది?"

"నిన్న పొద్దున మా ఇంటామెకు చెప్పిన, రేపు డ్యూటీకి పోత, డబ్బ కట్టు అని" అన్నాడు బిక్షపతి. "రాత్రి మాట మారింది, ఆమెకు చెప్పుడు మరిచిన. పొద్దున లేస్తె కట్టి పెట్టింది. వద్దంటె ఊకుంటదా? తినక తప్పుతదా?"

"మరి బట్టలు?"

"డబ్బ పట్టుకొని లుంగీల రావాల్నా?"

సైరన్ ఆగిపోయింది. గేటులోంచి ఒక్క మనిషి లోపలికి పోలేదు. కావలివాడు కాసేపు నిలబడి, కుర్చీ నీడలోకి జరుపుకున్నాడు.

బిక్షపతి జొన్నరొట్టె తుంచి బలరాంకు ఇచ్చాడు. ఇంకో ముక్క తుంచి నా వైపు చూశాడు. ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. చివరికి చెయ్యి చాపాడు. "ఊరికె నిలవడకు సారూ. కూసో."

కూర్చున్నాను. మోకాళ్లు పట్టేశాయి. టమాట తొక్కు చాలా కారంగా ఉంది.